అల్సర్‌కి బిస్మత్ ఒక్కటే వాడితే సరిపోదా?

నీలిగోరింక:
ఎండోస్కోపీలో కడుపులో పుండు కనిపించింది, హెచ్ పైలోరీ అనే బ్యాక్టీరియా పాజిటివ్. డాక్టర్‌గారు 14 రోజులకు బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్ అనే రెండు యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే మాత్ర రాశారు. అన్ని మాత్రలు చూస్తేనే టెన్షన్‌గా ఉంది. బిస్మత్ ఒక్కటే వేసుకుని యాంటీబయాటిక్స్ మానేస్తే ఏమవుతుంది?

తూనీగ:
నా ఓటు బిస్మత్‌కే. పుండు మీద పొరలా పరుచుకుంటుంది, బ్యాక్టీరియా మీదా పనిచేస్తుంది. ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందు. యాంటీబయాటిక్స్‌తో నోరు చేదు, వికారం, విరేచనాలు. ఆ బాధంతా ఎందుకు?

వేపచెట్టు:
తూనీగగారూ, పుండును కప్పుతుందన్నది నిజమే. కానీ ఒంటరిగా వాడితే బ్యాక్టీరియా అణుగుతుందే తప్ప చాలామందిలో పూర్తిగా పోదు. మంట తగ్గింది కదా అని మందు ఆపాక అది మళ్లీ పెరుగుతుంది, పుండు తిరగబెడుతుంది. అల్సర్ వెనక ఈ బ్యాక్టీరియా ఉందని కనిపెట్టినందుకే మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. దాన్ని వదిలేసి పుండుకు పూత పూస్తే లాభం లేదు. నాలుగు మందులూ కలిపి వాడాలి. మధ్యలో మానేస్తే, మిగిలిన బ్యాక్టీరియా ఆ యాంటీబయాటిక్‌కి లొంగకుండా తయారవ్వచ్చు.

ఇంకో మాట. బిస్మత్ వాడేటప్పుడు నాలుక, మలం నల్లబడతాయి. నోట్లో, పేగుల్లో ఉండే గంధకంతో కలిసి బిస్మత్ సల్ఫైడ్‌గా మారడమే కారణం, కంగారు వద్దు. కానీ పుండు నుంచి రక్తం కారినా మలం నల్లగానే వస్తుంది! అది తారులా జిగటగా, భరించలేని వాసనతో ఉంటుంది. దాంతోపాటు కళ్లు తిరిగినా, రక్తం వాంతి అయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. సొంతంగా నెలల తరబడి వాడేవాళ్లు ఈ నలుపు మందుదేలే అనుకుని ఊరుకుంటారు. నాకు అసలు భయం అక్కడే.

తూనీగ:
ఒప్పుకుంటాను. మరి బిస్మత్‌తో మెదడు దెబ్బతింటుందని కొందరు భయపెడుతున్నారు, అదీ తేల్చండి.

వేపచెట్టు:
1970లలో ఫ్రాన్స్‌లో అలాంటి కేసులు చాలా వచ్చాయి. ఎక్కువగా దీర్ఘకాలం వాడినవాళ్లలోనే. డాక్టర్ చెప్పిన మోతాదులో రెండు వారాల కోర్సుకు ఆ భయం అక్కర్లేదు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ముందే చెప్పాలి, బిస్మత్ ఒంట్లో పేరుకుపోతుంది. బిస్మత్‌లో సబ్‌సాలిసిలేట్ అనే రకం అయితే ఆస్పిరిన్ కుటుంబానిదే. ఆస్పిరిన్ పడనివాళ్లకు, ఫ్లూ లేదా ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఇవ్వకూడదు. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు.

నీలిగోరింక:
సరేనండీ, కోర్సు పూర్తిగా వాడతాను. బ్యాక్టీరియా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది?

వేపచెట్టు:
యూరియా బ్రెత్ టెస్ట్ (ఊపిరితో చేసే పరీక్ష) గానీ, మల పరీక్ష గానీ చేయిస్తారు. బిస్మత్, యాంటీబయాటిక్స్ ఆపి కనీసం 4 వారాలు కావాలి. యాసిడ్ మాత్ర ఇంకా వాడుతుంటే, దాన్ని ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ని అడగండి, మామూలుగా 2 వారాల ముందు ఆపిస్తారు. తొందరపడి చేయిస్తే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టే రిపోర్ట్ రావచ్చు.