ఆఫీసూ మారుతోంది, సాఫ్ట్‌వేరూ మారుతోంది: హోదా లేని అడ్మిన్ అందరినీ కదిలించడం ఎలా?

కోరమంగల_అడ్మిన్:
నమస్కారమండీ. మా కంపెనీ జూన్ నెలాఖరుకి బెంగళూరులోనే కోరమంగల నుంచి వైట్‌ఫీల్డ్‌కి మారుతోంది. మొత్తం 120 మంది, అడ్మిన్‌లో ముగ్గురం. ఇన్నాళ్లూ మెయిళ్లలో, ఎక్సెల్‌లో నడిచిన క్యాబ్, ఐడీ కార్డు, స్టేషనరీ, ట్రావెల్ అడ్వాన్సు రిక్వెస్టులన్నీ జూన్‌లోనే టికెట్ సాఫ్ట్‌వేర్‌లోకి (ప్రతి రిక్వెస్టూ ఒక నంబరుతో, అంటే టికెట్‌గా, నమోదయ్యే పద్ధతి) వెళ్తాయి. "మీరే లీడ్ చెయ్యండి" అన్నారు గానీ హోదా పాతదే. డిపార్ట్‌మెంట్ హెడ్లని ఏదడిగినా "చూద్దాం" అంటారు. డైరెక్టర్ గారు ఫోన్లో ఒకటి చెప్తారు, మర్నాటికి అది మారుతుంది. చేతిలో 10 వారాలున్నాయి. లీడర్‌షిప్ కోర్సు ఏదైనా చెయ్యాలా, లేక ముందు నేర్చుకోవాల్సింది వేరే ఉందా?

ఫెసిలిటీస్_18:
కోర్సు జూలైలో చేసుకోవచ్చు. ఇప్పుడు పట్టాల్సింది నిర్ణయాల పట్టిక. నాలుగే గడులు: తేలాల్సిన విషయం, తేల్చేది ఎవరు, ఏ తేదీలోగా, తేలకపోతే ఏమవుతుంది. రెండో గడిలో ఒక్క పేరే రాయండి. "ఫైనాన్స్, హెచ్‌ఆర్" అని రాస్తే ఇద్దరూ ఎదుటివాళ్ల కోసం చూస్తూ కూర్చుంటారు.

ఒక వరస ఇలా ఉంటుంది: ఫైనాన్స్‌కి తాళం బీరువాలు ఎన్ని? ఫైనాన్స్ హెడ్. మే 6. తేలకపోతే డ్రాయింగులో ఉన్న 4తోనే పని మొదలవుతుంది, తర్వాత పెంచితే అదనపు బిల్లు.

హెడ్లని కదిలించేది ఆ నాలుగో గడే. "ఎన్ని కావాలి సార్?" అంటే "చూద్దాం" అనే వస్తుంది. "4 పెడుతున్నాం, 6వ తేదీ సాయంత్రం 5లోగా మార్పు చెప్పకపోతే 4కే ఆర్డరు వెళ్తుంది" అంటే ఆయన లెక్క చూసుకుంటారు. ఈ పద్ధతిని చిన్నవాటికే వాడండి. డబ్బు పెద్దదైతే, లేదా ఎవరి సీటు ఎక్కడనే మాటైతే, మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదు, రాతపూర్వకంగా "సరే" రావాలి. ఇంకో మాట, ఈ గడువు నియమాన్ని డైరెక్టర్ గారి పేరుమీదే అందరికీ మెయిల్ వేయించండి. మీ అంతట మీరు మొదలెడితే "ఈవిడెవరు గడువు పెట్టడానికి" అంటారు, అక్కడితో పని ఆగుతుంది.

ఇక డైరెక్టర్ గారు ఫోన్లో చెప్పినదానికి 15 నిమిషాల్లో మెయిల్ వెళ్లాలి: "ఇప్పుడు మాట్లాడుకున్న ప్రకారం రిసెప్షన్ రెండో అంతస్తులోనే. రేపు ఉదయం 11కి ఇంటీరియర్ వాళ్లకి చెప్తున్నాను. మారిస్తే ఆలోగా చెప్పగలరు." అంతే. మర్నాడు ఆయన మాట మారిస్తే, పాత మాట ఎత్తకుండా మార్పు వల్ల పడే ఖర్చు, రోజులు మాత్రం రాయండి.

మారతహళ్ళి_తెలుగు:
పట్టిక మంచిదే అక్కా, కానీ దాంతో హెడ్లే కదులుతారు. మిగతా వందమంది సంగతి వేరు. మనుషులు మార్పుకి ఎలా అలవాటుపడతారో చెప్పే అడ్కార్ అనే నమూనా ఒకటి జెఫ్ హయట్ ఇచ్చారు: మార్పు ఎందుకో తెలియడం, కావాలనిపించడం, ఎలాగో తెలియడం, చేయగలగడం, అది నిలబడడం. కంపెనీలు డబ్బంతా మూడోదాని మీద, అంటే ట్రైనింగ్ మీద పోస్తాయి. మనిషి ఆగేది తరచుగా రెండోదాని దగ్గర.

ఎవరైనా ఇంకా మెయిలే పంపుతుంటే పక్కన కూర్చుని ఒక టికెట్ వేయించి చూడండి. చకచకా వేశారంటే ఇష్టం లేదన్నమాట, కారణం అడగాలి. తడబడితే అలవాటు లేదు, ఇంకో 10 నిమిషాలు కూర్చోవాలి. ఈ తేడా చూడకుండా అందరికీ మళ్లీ రెండు గంటల ట్రైనింగ్ పెట్టడం దండగ.

సాఫ్ట్‌వేర్‌ని, షిఫ్టింగ్‌ని ఒకే నెలలో పెట్టనివ్వకండి. ఇక్కడే గట్టిగా నిలబడాలి. మే రెండో వారంలో టికెట్లు మొదలైతే జూన్ చివరికి చేతికి అలవాటవుతుంది. టికెట్‌లో రిక్వెస్టు రకాలు 6 నుంచి 8 చాలు, 40 పెడితే అందరూ "ఇతరములు" నొక్కుతారు. పాత మెయిల్‌బాక్సు రెండు వారాలే పక్కన నడవాలి: మొదటి వారం దగ్గరుండి వేయించడం, రెండో వారం టికెట్ లింకుతో ఆటో రిప్లై, తర్వాత మూసేయడం. ఆ రెండు వారాల్లో జాలిపడి వాళ్ల బదులు మీరు టికెట్లు వేశారో, ఆ పని శాశ్వతంగా మీదే.

ఇష్టం లేకపోవడానికి అసలు కారణం రాకపోకలై ఉంటుంది. ఎవరు ఏ ఏరియా అని కాదు, పిన్‌కోడ్, వచ్చే టైము అడగండి. "మెట్రో పర్పుల్ లైన్ ఉందిగా" అని మేనేజ్‌మెంట్ అంటుంది. నిజమే, 2023 అక్టోబర్ నుంచి చల్లఘట్ట, వైట్‌ఫీల్డ్ మధ్య పూర్తిగా నడుస్తోంది. కానీ బీటీఎం లేఅవుట్‌లో ఎల్లో లైన్ ఎక్కినవాళ్లు ఆర్‌వీ రోడ్‌లో ఒకసారి, మెజెస్టిక్‌లో ఇంకోసారి మారాలి, ఊరంతా చుట్టినట్టే. వాళ్ల కోసం పర్పుల్ లైన్‌లోనే ఉన్న ఇందిరానగర్ మెట్రో దాకా షటిల్ అడిగితే న్యాయంగా ఉంటుంది. ఎంతమందో లెక్క ఉంటేనే ఆ మాట నెగ్గుతుంది.

కోరమంగల_అడ్మిన్:
చాలా థాంక్స్ అండీ. ఒక్క సందేహం. గుర్తు చేస్తూ మెయిల్ పెట్టి డైరెక్టర్‌ని సీసీలో పెడితే హెడ్లు నొచ్చుకుంటున్నారు. పెట్టకపోతే జవాబు రాదు.

పాత_సెక్రటరీ:
మొదటిసారే సీసీ పెడితే అది ఫిర్యాదులా కనిపిస్తుందమ్మా. గుర్తుచేసే మొదటి మెయిల్ ఆ హెడ్‌కి ఒక్కరికే. రెండోది మెయిల్ కాదు, ఆ ఒక్క వరస ప్రింటు తీసుకుని సీటు దగ్గరికెళ్లి రెండు నిమిషాలు మాట్లాడడం. అప్పటికీ తేలకపోతే శుక్రవారం డైరెక్టర్‌కి వెళ్లే పెండింగ్ జాబితాలో అది కూడా ఒక వరసగా వెళ్తుంది. వెళ్తుందని ముందురోజే ఆ హెడ్‌కి చెప్పాలి. చాలామటుకు ఆ సాయంత్రమే జవాబొస్తుంది. జాబితా ఒక పేజీ దాటనివ్వకు.

పట్టికలో ఇవి కూడా చేర్చు. కొత్త చిరునామా కోసం జీఎస్టీ రిజిస్ట్రేషన్ సవరణకి మార్పు జరిగాక 15 రోజులే గడువు. రాష్ట్రం అదే కాబట్టి నంబరు మారదు. రిజిస్టర్డ్ ఆఫీసు (ప్రభుత్వ రికార్డుల్లో ఉండే కంపెనీ అధికారిక చిరునామా) కూడా అక్కడికే మారుతుంటే, ఆ మార్పు తెలిపే ఐఎన్‌సీ 22 ఫారం 30 రోజుల్లో వెయ్యాలి. ఇవి చేసేది అకౌంట్స్, కంపెనీ సెక్రటరీ. గడువు గుర్తుచేసే పని మాత్రం నీదే. నేమ్ బోర్డు మీద కన్నడం 60 శాతం, అదీ పై భాగంలో ఉండాలి, జీఎస్టీ నంబరూ బోర్డు మీద కనిపించాలి. డిజైనర్ పంపే నమూనాలో ఈ రెండూ ఉన్నాయో లేదో ఆర్డరుకి ముందే చూడు.

ఇంటర్నెట్ లీజ్డ్ లైన్ (మన ఆఫీసుకి మాత్రమే కేటాయించే కనెక్షన్) ఆర్డరు ఇచ్చారా? కేబుల్ ఎటునుంచి రావాలో బిల్డింగ్ వాళ్లు ఒప్పుకోడానికే వారాలు పడుతుంది. ఇవ్వకపోతే రేపు పొద్దున మొదటి వరస అదే రాయి.