మే నెల ఎండలో కారు ఫ్రిజ్: కాగితం మీది లెక్క నిలుస్తుందా?

కడప వాహనదారు:
మే నెలలో కుటుంబంతో గండికోటలో రెండు రాత్రులు గుడారం వేసుకుని ఉండాలనుకుంటున్నాము. అమ్మగారి ఇన్సులిన్, పిల్లల పాలు, పది లీటర్ల తాగునీరు చల్లగా ఉంచడానికి 12 వోల్టుల 40 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ ఒకటి చూశాను. రోజుకు 300 వాట్ గంటలు చాలునని దాని కాగితం చెబుతోంది. బయటి వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క అది. నా దగ్గర 100 ఆంపియర్ గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంది. ఇది సరిపోతుందా, లేక ఐసు పెట్టె మేలా?

ప్రొద్దుటూరు సభ్యుడు:
ఐసే మేలు. పది కిలోల ఐసు కరగడానికి సుమారు 930 వాట్ గంటల వేడిని పీల్చుకుంటుంది, అదీ బ్యాటరీతో పని లేకుండా. అయిపోతే జమ్మలమడుగు దాకా పోయి తెచ్చుకోవచ్చు.

కర్నూలు ఎలక్ట్రీషియన్:
ఆ ఐసును గడ్డకట్టించిన కరెంటు ఐసు ఫ్యాక్టరీ మీటరులో తిరిగింది కాబట్టి మనకు కనబడదు, అంతే. ఇక అసలు ప్రశ్నకు వస్తాను. పెట్టె గోడల గుండా లోపలికి వచ్చే వేడి, లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి పెరుగుతుంది. లోపల 5 డిగ్రీలు, బయట 25 ఉంటే తేడా 20. మన దగ్గర పగలు 42, రాత్రి 30 అనుకుని సగటున 36 వేసుకుంటే తేడా 31, అంటే ఒకటిన్నర రెట్లకు పైనే. దీనికి తోడు, బయటి గాలి వేడిగా ఉన్నకొద్దీ లోపలి వేడిని బయటికి నెట్టడానికి కంప్రెసర్ ఎక్కువ శ్రమపడాలి కనుక ఖర్చు రోజుకు 500 వాట్ గంటలు దాటుతుందనే నా అంచనా. మీ బ్యాటరీలో 1200 వాట్ గంటలు ఉన్నా, లెడ్ యాసిడ్ రకాన్ని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. మిగిలేది 600, అంటే ఒక్క రోజు.

అందరూ మరిచిపోయేది ఇంకొకటి ఉంది. 40 డిగ్రీల నీళ్లు పది లీటర్లు పెట్టి 5 డిగ్రీలకు దింపాలంటే 400 వాట్ గంటల వేడిని తీయాలి; ఒక వంతు కరెంటుతో ఒకటిన్నర వంతు వేడి బయటికి పోతుందనుకున్నా, దానికే దాదాపు 270 ఖర్చవుతుంది. కాబట్టి ముందురోజే ఇంటి కరెంటు మీద అన్నీ చల్లబరచుకుని బయలుదేరండి, ఫ్రిజ్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకండి. అద్దాలు మూసిన కారులో వేడి 60 డిగ్రీలకు చేరితే తేడా 55 అవుతుంది, అక్కడ ఏ కంపెనీ లెక్కా నిలవదు. చవగ్గా వస్తున్నాయని పెల్టియర్ రకం (కంప్రెసర్ లేకుండా, కరెంటు పారే పలకతో చల్లబరిచే) పెట్టెలను మాత్రం చూడకండి: బయటికంటే ఇరవై డిగ్రీలు తగ్గించడమే వాటికి గొప్ప, ఆ కొంచెం పనికీ అవి ఆగకుండా నడుస్తూ ఉండాలి.

ప్రొద్దుటూరు సభ్యుడు:
మీ లెక్క నా మాటకే బలమిస్తోంది కదండీ! నీళ్లకు ఐసు పెట్టె, ఇన్సులిన్‌కూ పాలకూ చిన్న ఫ్రిజ్ చాలు. ఇన్సులిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు కావాలి, గడ్డకడితే పనికిరాదు కనుక దాన్ని ఐసులో పెట్టమని నేనూ చెప్పను. నీళ్ల కోసం 40 లీటర్ల ఫ్రిజ్ కొనడం మాత్రం డబ్బు దండగ.

అనంతపురం సభ్యుడు:
ఎలక్ట్రీషియన్ గారు సోలార్‌ను లెక్కలోకి తీసుకోలేదు. 100 వాట్ల పలక పెడితే, వేడికి దాని ఉత్పత్తి కొంత తగ్గినా, మన ఎండకు రోజుకు 350 వాట్ గంటలు రావడం కష్టం కాదు. అప్పుడు బ్యాటరీ మీద పడేది 150 మాత్రమే, రెండు రాత్రులకు మీ బ్యాటరీ చాలు. పలక ఎండలో, బ్యాటరీ, ఫ్రిజ్ నీడలో ఉండాలి కనుక వైరు పొడవవుతుంది. ఆ పొడవంతా పలక వైపే ఉంచి, బ్యాటరీని ఫ్రిజ్ పక్కనే పెట్టుకోండి. ఫ్రిజ్‌కే ఐదు మీటర్ల దూరం 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగితే, 5 ఆంపియర్ల వద్ద రాకపోకలకు కలిపి అర వోల్టుకు పైగా పడిపోయి, బ్యాటరీలో ఇంకా కరెంటు ఉండగానే, అది ఖాళీ అయిందనుకుని ఫ్రిజ్ తనంతట తాను ఆగిపోతుంది. తప్పనిసరైతే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడండి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టండి.