ప్రాక్స్‌మాక్స్, నాస్ ఒకే పెట్టెలో: ఏ హార్డ్‌వేర్ తీసుకోవాలి?

ప్రశ్న
ఇంట్లో ప్రాక్స్‌మాక్స్ (ఒకే కంప్యూటర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్) మీద ట్రూనాస్ (నాస్, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే స్టోరేజ్, కోసం వాడే సిస్టమ్), జెల్లీఫిన్ (సినిమాలు, పాటల సర్వర్), రెండు మూడు లైనక్స్ వీఎంలు నడపాలండి. 4 టీబీ డిస్కులు నాలుగు. ఐ5-12400, 16 జీబీ ర్యామ్ సరిపోతాయా? డిస్కుల్ని యూఎస్‌బీ డాక్‌లో పెట్టొచ్చా?

జవాబు 1
ప్రాసెసర్ హాయిగా సరిపోతుంది. 6 కోర్లు, పైగా క్విక్‌సింక్ (వీడియో ఫార్మాట్ మార్చే పని చేసే గ్రాఫిక్స్ భాగం) ఉంది కాబట్టి జెల్లీఫిన్‌కి వేరే కార్డు అక్కర్లేదు. చివర ఎఫ్ ఉన్న మోడల్ మాత్రం కొనకండి, అందులో గ్రాఫిక్స్ ఉండదు. ర్యామ్ 32 జీబీ పెట్టండి. ట్రూనాస్‌కే కనీసం 8 కావాలి, పాస్‌త్రూ చేశాక (అంటే హార్డ్‌వేర్‌ని నేరుగా వీఎంకి అప్పగించాక) ఆ వీఎంకి ఇచ్చిన మెమరీ మొత్తం దానికే లాక్ అయిపోతుంది. యూఎస్‌బీ డాక్ వద్దేవద్దు. లోడ్ మీద ఒక్కసారి రీసెట్ అయితే నాలుగు డిస్కులూ కలిసే మాయమవుతాయి, పూల్ (డిస్కులన్నీ కలిపిన స్టోరేజ్) ఆగిపోతుంది.

జవాబు 2
డిస్కుల్ని విడివిడిగా కాదు, వాటిని కలిపే కంట్రోలర్ కార్డునే మొత్తంగా ట్రూనాస్ వీఎంకి ఇవ్వండి. అప్పుడే ట్రూనాస్‌కి స్మార్ట్ వివరాలు (డిస్కు ఆరోగ్యం చెప్పేవి) నేరుగా కనబడతాయి. ఎల్‌ఎస్‌ఐ 9207-8ఐ చాలు, ఐటీ మోడ్ (రెయిడ్ లేకుండా డిస్కుల్ని నేరుగా చూపించే) ఫర్మ్‌వేర్‌తో. అది సర్వర్ గాలికి తగ్గట్టు చేసిన కార్డు. మామూలు కేసులో హీట్‌సింక్ మీద వేలు పెట్టలేం, 40 ఎంఎం ఫ్యాన్ బిగించండి. బయోస్‌లో వీటీ-డీ (పాస్‌త్రూకి కావాల్సిన సెట్టింగ్) ఆన్ చేయడం మరవొద్దు.

ఎస్‌ఎంఆర్ డిస్కులు (ట్రాకులు ఒకదానిపై ఒకటి కొంత ఎక్కేలా రాసేవి) చవగ్గా దొరికినా తీసుకోకండి. రీసిల్వర్‌లో (పాడైన డిస్కు బదులు పెట్టిన కొత్తదానికి డేటా నింపేటప్పుడు) వాటి క్యాష్ నిండిపోయి రాత వేగం కుప్పకూలుతుంది.

ప్రశ్న అడిగినవారు
నాలుగు డిస్కుల్ని మిర్రర్లుగా (రెండేసి డిస్కుల్లో ఒకే డేటా) పెట్టాలా, రెయిడ్‌జెడ్2గా (రెండు డిస్కులంత చోటు రక్షణకి పోయేలా) పెట్టాలా?

జవాబు 2
రెండింటిలోనూ మిగిలేది దాదాపు 8 టీబీయే. రెయిడ్‌జెడ్2లో ఏ రెండు పోయినా డేటా ఉంటుంది. వీఎంల డిస్కులు ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) మీద పెట్టేస్తే రెయిడ్‌జెడ్2 నెమ్మది మీకు తగలదు.