ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్: గైడ్ పనిచేసే రంగంలోంచే అంశం తీసుకోవాలా?

గోదావరి_సిస్టర్:
సినాప్సిస్‌లు (థీసిస్ ప్రణాళికలు) రాసే సమయం కాబట్టి అడుగుతున్నాను. కొన్ని కాలేజీల్లో గైడ్ దేనిమీద పనిచేస్తుంటే విద్యార్థి కూడా దానిమీదే చేయాలంటున్నారు. మరికొన్నిచోట్ల విద్యార్థి నచ్చిన అంశం తెచ్చుకుంటే, ఖాళీగా ఉన్నవాళ్లని గైడుగా వేస్తున్నారు. నేను మొదటి పద్ధతి వైపు. రెండోదాంట్లో ఏమొస్తుందో చూస్తూనే ఉన్నాం: "ఫలానా విషయంపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ప్రభావం". 60 మంది, ఒకటే గ్రూపు, ప్రీటెస్ట్, ముప్పావుగంట పాఠం, ఏడో రోజు పోస్ట్‌టెస్ట్, పెయిర్డ్ టి టెస్ట్ (ముందూ తర్వాతా మార్కుల్ని పోల్చే లెక్క). అదే ప్రశ్నాపత్రం రెండోసారి ఇస్తే పాఠం చెప్పకపోయినా కొన్ని మార్కులు పెరగొచ్చు. కంట్రోల్ గ్రూపు (పాఠం చెప్పకుండా పోల్చిచూసే గుంపు) లేనప్పుడు ఏ మార్కు పాఠం వల్ల వచ్చిందో ఎలా తేలుస్తాం?

స్టాట్స్_శ్రీను:
మేడమ్, జబ్బు సరిగ్గానే పట్టుకున్నారు, మందే తప్పు. ఆ లోపం రంగం తెలియక వచ్చింది కాదు, మెథడ్ తెలియక వచ్చింది. ఎంతో సీనియారిటీ ఉన్న ప్రొఫెసర్ల దగ్గరా అదే థీసిస్ వస్తోంది. అసలు ఆ 60 ఎక్కడిదో అడగండి. రెండు గ్రూపుల మధ్య అర ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) తేడాని 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దొరికే అవకాశం) పట్టుకోవాలంటే గ్రూపుకు 64 మంది కావాలి. ఊళ్లవారీగా గ్రూపులు వేస్తే అదీ చాలదు, ఒక ఊరివాళ్ల జవాబులు కొంత ఒకేలా ఉంటాయి కాబట్టి. ఊరికి 20 మంది, ఐసీసీ (ఒక ఊరివాళ్ల జవాబులు ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే కొలత) 0.05 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (శాంపిల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే అంకె) 1 + 19 × 0.05 = 1.95. 64 కాస్తా 125 అయింది, అంటే గ్రూపుకు 7 ఊళ్లు. ఒక ఊళ్లో పాఠం, పక్క ఊరు కంట్రోలు అని పెడితే ఎంతమందిని చేర్చినా దండగే. ఆ తేడా పాఠానిదో ఊరిదో విడదీయలేం. ఈ లెక్క సినాప్సిస్‌లోనే వేయించే కో-గైడ్ ఉంటే అంశం ఎవరు ఎంచుకున్నా ఫర్వాలేదు.

గోదావరి_సిస్టర్:
లెక్క ఒప్పుకుంటాను సార్. మరి అందులో పెట్టే ఎస్‌డీ, ఐసీసీ ఎక్కడినుంచి తెస్తారు? అదే రంగంలో ముందు జరిగిన పనిలోంచేగా. టూల్ (కొలవడానికి వాడే ప్రశ్నాపత్రం) సంగతీ అంతే. కొత్త ప్రశ్నాపత్రం అయితే నిపుణులకు పంపాలి. ఐదుగురే ఉంటే ప్రతి ప్రశ్నకూ సీవీఐ (ప్రశ్న తగినదే అన్న నిపుణుల నిష్పత్తి) 1.00 రావాలి, 6 నుంచి 10 మంది ఉంటే కనీసం 0.78. తెలుగు చేయించాలి, ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషు చేయించి పోల్చాలి. తప్పొప్పుల ప్రశ్నలకు కేఆర్-20 (ప్రశ్నలన్నీ కలిసి నిలకడగా కొలుస్తున్నాయా అన్న లెక్క) చూడాలి. "అధిక రక్తపోటు" అని అచ్చు వేస్తే ఊళ్లో సగంమంది ముఖం చూస్తారు, "బీపీ" అంటేనే తెలుస్తుంది. ఇదంతా అయ్యేసరికి డేటాకి మిగిలేది కొద్ది వారాలు. గైడ్ దగ్గర తెలుగులో పరీక్షించిన టూల్ ఉంటే ఆ కాలమంతా కలిసొస్తుంది.

రెండో_ఏడాది_విద్యార్థి:
అలాంటి గైడ్ ఉంటే కదా మేడమ్! ప్రొఫైల్‌లో పరిశోధన ఆసక్తులంటూ "తల్లీబిడ్డల ఆరోగ్యం, వృద్ధులు, నాణ్యత, నర్సింగ్ విద్య" అని రాస్తారు. అది సిలబస్, పరిశోధన రంగం కాదు. ఇంకో భయం కూడా ఉంది. గైడ్ ప్రాజెక్టులో చేరితే మేం డేటా మోసుకొచ్చే మనుషులుగా మిగిలిపోతాం. ఐసీఎంజేఈ (వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ) నియమాల ప్రకారం డేటా సేకరణ ఒక్కటే చేస్తే రచయితగా పేరు రాదు. డ్రాఫ్ట్ ఎవరు రాస్తారు, మొదటి పేరు ఎవరిది అన్నది మొదట్లోనే కాగితంమీద పెట్టాలి.

పల్లె_ఎపిడమాలజీ:
ఆ భయం న్యాయమైనదే. అందుకే ప్రొఫైల్ చూడకండి, పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్ల ఆన్‌లైన్ సూచీ) గైడ్ పేరు వెతికి గత ఐదేళ్ల పేపర్లు చూడండి. ఒకే ప్రశ్నని వరసగా మూడుసార్లు వెంటాడారంటే అది రంగం. ఏటికో అంశం మారుతుంటే శ్రీను గారు చెప్పినట్టు మెథడ్ తెలిసిన కో-గైడ్‌ని పట్టుకోండి.

అయితే శ్రీను గారూ, మెథడ్ ఒక్కటే చాలదు. ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో చూస్తామని ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) రక్తపరీక్ష చేయించి, ఈజీఎఫ్ఆర్ (దాన్నిబట్టి లెక్కగట్టే కిడ్నీల వడపోత వేగం) 60 కంటే తక్కువ వచ్చినవాళ్లందరినీ రోగులుగా లెక్కేస్తే శాంపిల్ సైజు ఎంత కచ్చితంగా ఉన్నా ఫలితం తప్పే. ఆ తగ్గుదల మూడు నెలలకు పైగా నిలిస్తేనే దీర్ఘకాలిక జబ్బు. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గిన రోజు క్రియాటినిన్ పెరగొచ్చు. ఎప్పుడు రక్తం తీశారన్నది ఆ రంగంలో పనిచేసిన మనిషే అడుగుతారు.

బీపీ కూడా అంతే. ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపుకి ఆనిక ఉండాలి, కఫ్ (చేతికి చుట్టే పట్టీ) లోపలి బ్లాడర్ (గాలి సంచి) చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. కఫ్ చిన్నదైతే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. మాన్యువల్ పరికరంలో 2 మిల్లీమీటర్ల మెట్లుంటాయి కాబట్టి చివరి అంకె సున్నా ఇంచుమించు 20 శాతమే రావాలి. సగానికి సగం 130, 140 ఉంటే చూసినవాళ్లు సర్దేశారన్నమాట.

స్టాట్స్_శ్రీను:
క్రియాటినిన్ సంగతి ఒప్పుకుంటున్నాను, అది నా లెక్కకు అందేది కాదు. కానీ మూడు నెలల తర్వాత రెండో పరీక్ష ఈ విద్యార్థి షెడ్యూల్లో ఎక్కడ పడుతుంది?

పల్లె_ఎపిడమాలజీ:
మొదటి పరీక్ష ఈ బ్యాచ్, రెండోది వచ్చే బ్యాచ్. అదే జాబితా, అదే ల్యాబ్. ఎథిక్స్ అనుమతిలో రెండు విడతలూ ముందే రాయించాలి, సమ్మతి పత్రంలో "మళ్లీ వస్తాం" అన్న మాట ఉండాలి. ఈ బ్యాచ్ థీసిస్ పేరులో "వ్యాప్తి" (ఎంతమందికి జబ్బు ఉందన్న లెక్క) అని కాకుండా "ఒకసారి పరీక్షలో తక్కువ ఈజీఎఫ్ఆర్" అని పెట్టించండి.