టర్న్‌టేబుల్ కింద స్ప్రింగులు పెట్టాలా, సార్బోథేన్ రబ్బరా?

హైఫై అనుభవం ఉన్నవాళ్లు కాస్త సలహా ఇవ్వండి. మాది అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. అద్దె ఇల్లు, గోడకు షెల్ఫ్ బిగించే వీలు లేదు. ఒకే పొడవాటి చెక్క టీవీ యూనిట్ మీద చెరో చివర 8 కిలోల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, మధ్యలో యాంప్లిఫయర్, టర్న్‌టేబుల్ (రికార్డ్ ప్లేయర్) ఉన్నాయి. వాల్యూమ్ పెంచితే బేస్‌లో గుయ్‌మని మోత మొదలవుతుంది. మోటారు ఆపి, సూదిని రికార్డు మీద ఆనించి, చెక్క మీద వేలితో తడితే ఆ చప్పుడు స్పీకర్లలో స్పష్టంగా వినిపిస్తోంది. అంటే కంపనం చెక్క గుండానే సూదికి చేరుతోంది.

స్పీకర్ల కింద సార్బోథేన్ (కంపనాన్ని పీల్చుకునే మెత్తటి రబ్బరు) అర్ధగోళాలు పెట్టాక మోత చాలావరకు తగ్గింది. యాంప్లిఫయర్ కింద పెడితే మాత్రం నా చెవికి ఏ తేడా తెలియలేదు. అందులో కదిలే భాగాలే లేవు మరి!

అసలు చిక్కు టర్న్‌టేబుల్‌తోనే. స్ప్రింగ్ పాదాలు వాటి సహజ పౌనఃపున్యానికి (తడితే వాటంతట అవి ఊగే వేగానికి) సుమారు 1.4 రెట్లు దాటాకే కంపనాన్ని తగ్గిస్తాయి. సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గర ఇంకా పెంచుతాయి. టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చేయి), కార్ట్రిడ్జ్ (దాని చివర సూది ఉండే భాగం) జోడీ రెజొనెన్స్, అంటే అవి సహజంగా ఊగే పౌనఃపున్యం, మామూలుగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. పాదాలదీ అక్కడే పడితే కొత్త తలనొప్పే. స్ప్రింగులను 4 హెర్ట్జ్‌కు దించాలంటే బరువుకు 15 మిల్లీమీటర్లకు పైగా అణగాలి. అంత మెత్తగా ఉంటే రికార్డు మార్చినప్పుడల్లా ఊగదా?

ఇంకోటి, మోటారు ఉన్న మూల బరువెక్కువ. ఆ మూలకు గట్టి స్ప్రింగ్ వేరేగా కొనాలా, లేక కింద గ్రానైట్ పలక వేస్తే బరువు సమానంగా సర్దుకుంటుందా? ఇలాంటి చెక్క యూనిట్ మీద చేసి చూసినవాళ్లు ఏది పనిచేసిందో చెప్పండి.