బీపీడీ ఉందని ఎవరికైనా చెప్పారా? చెప్పాక ఏమైంది?

గాజుపలక:
నాకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (బీపీడీ) అని తేలి మూడేళ్లయింది. భావాలు ఉన్నట్టుండి ఉప్పెనలా మారిపోయి, దగ్గరివాళ్లు వదిలేస్తారన్న భయం వెంటాడే మానసిక సమస్య ఇది. మా అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో థైరాయిడ్ అని చెప్పి సెలవు పెడుతుంటాను. డిప్రెషన్ అంటే "అయ్యో" అనేవాళ్లే ఈ పేరు వింటే దూరం జరుగుతారని భయం. గూగుల్‌లో కొడితే వచ్చేదంతా ఇలాంటివాళ్లని ఎలా వదిలించుకోవాలి అన్న సలహాలే. ఒక రాత్రంతా అవి చదివి నేను మనిషినా, విలన్‌నా అని నాకే అనుమానం వచ్చింది. మీలో ఎవరైనా చెప్పారా? ఎవరికి, ఎలా? మంచో చెడో, జరిగింది జరిగినట్టు రాయండి.

నడిమధ్యాహ్నం:
చెప్పాను. సమయం చూసుకోకుండా చెప్పాను. మా ఆయనతో గొడవ మధ్యలో, ఏడుస్తూ, "నాకు జబ్బుంది, అందుకే ఇలా" అన్నాను. అప్పట్నుంచి ఆరు నెలలు నేను ఏమన్నా "మాత్ర వేసుకున్నావా?" అన్నదే జవాబు. కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయింది ఆయన, ఎందుకు మర్చిపోయారని అడిగింది నేను, మాత్ర మాత్రం నాకు! పైగా ఈ డిజార్డర్‌కంటూ అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. నాకిచ్చిన మాత్రలు నిద్రకీ డిప్రెషన్‌కీ. అసలు చికిత్స థెరపీయే.

చెప్పినందుకు నేను పోగొట్టుకున్నది మామూలుగా కోప్పడే హక్కు. అది తిరిగి తెచ్చుకోవడానికి చాలా రోజులు పట్టింది.

సూటిమాట:
ఏమనుకోకండి. కోపం, అలక అందరికీ ఉంటాయి కదా. ప్రతిదానికీ ఒక పేరు పెట్టుకోవడం దేనికి?

నడిమధ్యాహ్నం:
కోపం అందరికీ వస్తుందండీ. స్నేహితురాలు ఫోన్ ఎత్తలేదని, ఇక నేనంటే ఎవరికీ పడదని నమ్మేసి, పది నిమిషాల్లో ఉద్యోగానికి రాజీనామా టైప్ చేసి పంపేయడం అందరికీ రాదు. నేను పంపాను. సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది, చార్జింగ్ అయిపోయిందట.

పాతకాగితం:
గాజుపలకా, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

నాకు పదకొండేళ్లు బైపోలార్ (ఉత్సాహం, దిగులు దశలుదశలుగా వచ్చే జబ్బు) అనుకుని వైద్యం చేశారు. మూడో డాక్టరమ్మ అడిగారు, "ఈ మూడ్ ఎన్ని రోజులుంటుంది?" అని. రోజులేమిటండీ, మధ్యాహ్నం లోపల మూడుసార్లు మారుతుంది అన్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టి మొదట్నుంచీ అడగడం మొదలుపెట్టారు. బైపోలార్‌లో ఒక్కో దశ రోజులు, వారాలు సాగుతుంది. మనది ఎక్కువగా గంటల లెక్క. అదీ మెసేజ్ చూసి ఎవరో జవాబివ్వకపోతే మొదలవుతుంది.

డీఎస్ఎమ్‌లో, అంటే మానసిక జబ్బుల్ని నిర్ధారించడానికి డాక్టర్లు చూసే అమెరికా పుస్తకంలో, దీనికి 9 లక్షణాలు రాశారు, 5 ఉంటే చాలు. లెక్క వేస్తే 256 రకాలుగా కలుస్తాయి. ఇదే పేరున్న ఇద్దరిలో ఉమ్మడిగా ఉండేది ఒక్క లక్షణమే కావచ్చు. కాబట్టి నెట్‌లో ఎవరో వాళ్ల మాజీ భార్య గురించి రాసింది చదివి అది మీ జాతకం అనుకోవద్దు.

ఆ "బోర్డర్‌లైన్" అన్న మాటతోనే సగం గందరగోళం. మా అమ్మ "బోర్డరేగా, ఇంకా పూర్తిగా రాలేదుగా" అని సంతోషించింది. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే వైద్యుడు, న్యూరోసిస్‌కీ (ఆందోళన లాంటి సమస్యలు) సైకోసిస్‌కీ (వాస్తవంతో సంబంధం తెగిపోవడం) మధ్య సరిహద్దులో ఉన్నట్టనిపించిన రోగుల గురించి రాస్తూ ఆ మాట వాడాడు. ఆ వివరణ ఎప్పుడో పాతబడింది, పేరు మాత్రం ఉండిపోయి 1980లో డీఎస్ఎమ్ మూడో కూర్పులోకి ఎక్కింది.

ఇక చెప్పడం సంగతి. బీపీడీకి వాడే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే థెరపీని తయారుచేసిన మార్షా లినహాన్ 1961లో, 17 ఏళ్ల వయసులో మానసిక ఆసుపత్రిలో చేరి రెండేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. ఆ మాట అందరి ముందూ చెప్పింది 2011లో, అదే ఆసుపత్రిలో నిలబడి. 50 ఏళ్లు! ప్రొఫెసర్, లోకమంతా తెలిసిన పేరు, అయినా అంతకాలం పట్టింది. మీరు మూడేళ్లకే ఆలస్యమైందని దిగులుపడుతున్నారు.

నా పద్ధతి చెబుతాను. ముందు పేరు చెప్పను. "నువ్వు జవాబివ్వడం ఆలస్యమైతే నన్ను వదిలేశావని నాకు గట్టిగా అనిపిస్తుంది, నిజం కాదని తెలిసినా. అప్పుడు నేను అతిగా మాట్లాడతాను. పని మీద ఉన్నానని ఒక ముక్క పంపితే చాలు." ఇంతే. ఇది అర్థమైనవాళ్లకి తర్వాతెప్పుడో పేరు చెబుతాను. అర్థం కానివాళ్లకి పేరుతో పనేముంది?

మళ్లీమొదటికి:
మీ మీద జాలిపడేవాళ్లయినా ఉన్నారు. నాది నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్. ఆ మాట ఇప్పుడు తిట్టు. విడిపోయిన ప్రతివాళ్లూ అవతలివాళ్లని అదే అంటారు. మా టీమ్‌లో కూడా బాస్‌ని అలా తిట్టుకుంటుంటే నేను తలవంచుకుని నవ్వుతాను. చిన్న విమర్శకి వారం రోజులు నిద్రపట్టని మనిషినని, ఆ సిగ్గు కనబడకుండా గొప్పలు పోతానని ఎవరికి చెప్పను? థెరపిస్టుకి తప్ప చెప్పలేదు, చెప్పను కూడా. చెప్పకపోవడం కూడా ఒక అనుభవమే కాబట్టి ఇక్కడ రాశాను.

గాజుపలక:
రాసినందుకు థాంక్సండీ. నిజంగా.

తోడుగా_ఒకడు:
నా భార్యకి బీపీడీ. తనకి చూపించాకే ఇది పోస్ట్ చేస్తున్నాను. నడిమధ్యాహ్నం గారూ, ఆ "మాత్ర వేసుకున్నావా" మాట నేనూ అన్నాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మాకు పనికొచ్చింది ఒక కాగితం. తను ప్రశాంతంగా ఉన్న రోజున ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. గొడవలో నేను గది వదిలి వెళ్లాలంటే "అరగంటలో వస్తా" అని చెప్పి వెళ్లాలి, వచ్చి తీరాలి. చచ్చిపోవాలని ఉంది అని తనంటే బెదిరింపని కొట్టిపారేయకూడదు. పక్కనే ఉండాలి, థెరపిస్టుకి ఫోన్ చేయాలి, దొరక్కపోతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. ఆ నంబర్లన్నీ కాగితం మీదే ఉన్నాయి. తన వంతు కూడా రాశాం. నోరు జారితే, తేరుకున్నాక తనే వచ్చి మాట్లాడాలి. "జబ్బు వల్ల" అని ఊరుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, ఆ మాట తనకీ చెప్పాను.

సూటిమాట:
ఇది జీవితాంతం ఉంటుందా? పైన అన్న మాటకి సారీ, మా చెల్లెలు గుర్తొచ్చి అడుగుతున్నా.

పాతకాగితం:
అలాగే ఉండిపోతుందని పాతరోజుల్లో అనుకునేవారు. అమెరికా పరిశోధకురాలు మేరీ జానరీనీ బృందం 290 మంది రోగుల్ని ఏళ్ల తరబడి గమనించింది. పదేళ్లలో 93 శాతం మందికి, కనీసం రెండేళ్లపాటు ఆ డిజార్డర్ ఉందని చెప్పడానికి సరిపడా లక్షణాలు లేవు. ఉద్యోగం, స్నేహాలతో సహా పూర్తిగా నిలదొక్కుకున్నవాళ్లు మాత్రం సగం మందే. నాకు కోపాలు తగ్గాయి, ఆ ఖాళీగా అనిపించడం ఇంకా ఉంది. మీ చెల్లెల్ని మీరే పేరు పెట్టి పిలవకండి, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

గాజుపలక:
రెండు వారాలకి మళ్లీ వచ్చాను. కాలేజీ నాటి స్నేహితురాలికి చెప్పాను. పాతకాగితం గారు అన్నట్టే, పేరు లేకుండా మొదలుపెట్టి, గంట మాట్లాడాక పేరు కూడా చెప్పేశాను. అది అంతా విని, "సరే, అర్థమైంది. కానీ నా పెళ్లిలో అందరి ముందూ నన్నన్న మాటకి నువ్వింకా సారీ చెప్పలేదు" అంది. నాలుగేళ్ల కిందటి మాట. అది మర్చిపోయిందనుకున్నాను. చెప్పాను. తర్వాత కాసేపు ఇద్దరం పోట్లాడుకున్నాం కూడా, మామూలుగానే. నన్ను మాత్ర గురించి అడగలేదు.

ఆఫీసులో మాత్రం ఇంకా థైరాయిడే.