అప్‌డేట్: వార్నింగ్‌లో స్ట్ర్‌కాపీ బదులు ‘బిల్టిన్ మెమ్‌కాపీ చెక్’ అని రావడం – తేలింది

శ్రీకాకుళంలో డిప్లొమా పిల్లల సీ ల్యాబ్ గురించి అడిగింది నేనే. వాళ్లు కోడ్‌లో రాసింది స్ట్ర్‌కాపీ (స్ట్రింగ్‌ని, అంటే అక్షరాల వరసని, కాపీ చేసే ఫంక్షన్); జీసీసీ (సీ కంపైలర్) వార్నింగ్‌లో చూపించేది వాళ్లెప్పుడూ వినని పేరు. సలహాలిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

తప్పు కోడ్‌లోనే ఉంది. ఊరి పేరుకి 10 బైట్ల అర్రే (అక్షరాలు దాచే చోటు, అక్షరానికో బైట్) పెట్టారు. ఇంగ్లిష్ స్పెల్లింగులో శ్రీకాకుళం సరిగ్గా 10 అక్షరాలు, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే చివరి నల్‌తో 11. అర్రే 20 చేస్తే వార్నింగ్ పోయింది (విజయనగరానికైతే 13 కావాలి మరి).

వార్నింగ్‌లో ఫంక్షన్ పేరు మారడానికి కారణం ఫోర్టిఫై సోర్స్ (ఇలా అర్రే దాటి రాయడాన్ని పట్టుకునే రక్షణ). ఓ2 (కోడ్‌ని వేగంగా చేసే కంపైలర్ ఆప్షన్)తో అది ఆన్‌లో ఉంటే హెడర్ ఫైల్‌లోని ఇన్‌లైన్ ఫంక్షన్ (పిలిచిన చోటే కోడ్‌ని పరిచేది) అడ్డొస్తుంది; పొడవు ముందే తెలిసిన స్ట్రింగ్ కాబట్టి కంపైలర్ కాపీని మెమ్‌కాపీ (ఇన్ని బైట్లని చెప్పి కాపీ చేసే ఫంక్షన్)గా మార్చేస్తుంది. ఫోర్టిఫై తీసేస్తే వార్నింగ్‌లోని హెడర్ లైన్లు పోయాయి గానీ ‘బిల్టిన్’ పోలేదు. రక్షణా పోతుంది, వద్దు.

ఆ పేరుని సులువు చేయడానికి పనిచేసింది సెడ్ (టెక్స్ట్‌ని మార్చే కమాండ్) ఫిల్టర్: ఎర్రర్ అవుట్‌పుట్‌ని పైప్‌లోకి మళ్లించి ముందున్న ‘బిల్టిన్’ని, వెనకున్న ‘చెక్’ తోకని కత్తిరించడమే. మెమ్‌కాపీ అన్న పేరు మిగులుతుంది. పిల్లల కోడ్‌లోని అసలు లైన్ నంబరు ‘ఇన్‌లైన్డ్ ఫ్రమ్’ దగ్గర ఉంటుంది. ఒక్క మెలిక: పైప్ పెడితే మేక్ (కంపైల్ నడిపించే టూల్)కి అందేది కంపైలర్‌ది కాదు, సెడ్ ఎగ్జిట్ కోడ్ (పని అయిందో లేదో చెప్పే నంబరు); కంపైల్ ఫెయిలైనా బాగుందనుకుంటుంది. మేక్‌ఫైల్‌లో షెల్‌ని బాష్ చేసి పైప్‌ఫెయిల్ (పైప్‌లో ఏది ఫెయిలైనా ఫెయిలనే చెప్పే ఆప్షన్) పెట్టాలి.

మాక్రో ఎక్స్‌పాన్షన్ ఫ్లాగ్‌తో పనిలేదు, ఇక్కడ అడ్డొచ్చేది ఇన్‌లైన్ ఫంక్షన్, మాక్రో (కంపైల్‌కి ముందే టెక్స్ట్‌ని మార్చేసేది) కాదు. కంపైలర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఉత్త దండగ.